కొత్తిమీర కట్టకు ఎదురెళ్లిన కమలమ్మ

గడపకు వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపకూడదన్నది కమలమ్మ నోము. ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి నగరంలోని గోపన్‌పల్లిలో కూతురు హరిత ఇంట్లో, పద్దెనిమిదో అంతస్తులో ఉంటున్నా ఆ నోము తప్పలేదు. పైగా ఇక్కడ ఆమెకు కొత్త దిగులొకటి పట్టుకుంది. హరిత సోఫాలో కూర్చుని ఫోను నొక్కితే చాలు, ఒక్క కొత్తిమీర కట్ట కోసం ఏ తల్లి బిడ్డో వానలో తడుస్తూ వస్తాడు.

"మనం చల్లగా కూచుని మనిషిని పరిగెత్తిస్తాండామే, దేవుడు చూస్తాండడా?" అనేది. ఆ దేవుడికి జవాబుగా సంకటి ముద్ద సిద్ధంగా ఉంచేది.

ఆ అపార్ట్‌మెంటు ఇళ్లకు రోజూ సరుకులు తెచ్చేది రవీందర్. బాలానగర్‌లో తను పనిచేసే వర్క్‌షాపు మూతపడ్డాక ఈ డెలివరీ పనిలో చేరాడు. ఆ సాయంత్రం అతను వచ్చేసరికి కమలమ్మ పళ్లెంతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దమ్మా, లేటయితది."

"అన్నాన్ని కాదనకూడదు నాయనా. కూచో."

కూర్చున్నాడు. రెండు ముద్దలు మింగేలోగా అతని ఫోను కీచుమంది.

"ఉండప్పా, మనిషి తింటాండాడు!" అని కమలమ్మ ఫోన్ను కసిరింది. అది వినలేదు.

రవీందర్ చెయ్యి కడుక్కుని దణ్ణం పెట్టాడు. "అమ్మా, మీ చేతి సంకటి మస్తుంటది. గని ఈడ తిన్నప్పుడల్ల అవతలోళ్లకు లేటయితుంది. ఇంకోపారి గిట్లయితే నా ఐడీ బంద్ జేస్తరు. ఇగ పనే ఉండదు."

కమలమ్మ పళ్లెం తీసి పక్కన పెట్టింది. పుణ్యం తనకు, పస్తు అతనికా!

"అట్లయితే కొత్తిమీర తెప్పించడమే మానేస్తాంలే."

"అయ్యో, గంత పని జేయకుండ్రి! ఆర్డర్లుంటెనే గదా నాకు బువ్వ."

"పెట్టినా తప్పే, మానినా తప్పే! మరి నన్నేం జేయమంటావప్పా?"

రవీందర్ కాస్త మొహమాటపడ్డాడు. "జర కిందికొచ్చి తీస్కోండ్రి. లిఫ్టు కాడనే సగం టైం పోతది."

మర్నాడు కమలమ్మ గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. రవీందర్ బండి దిగకుండానే పొట్లం అందించి, ఆమె ఇచ్చిన వేరుశనగ ఉండను బుగ్గన పెట్టుకుని సాగిపోయాడు. వెనకే వచ్చిన ఇంకో డెలివరీ కుర్రాడు, "అవ్వా, పన్నెండో ఫ్లోరుది గూడ పట్కపోతవా?" అన్నాడు. పట్టుకుపోయింది.

అక్కడ తలుపు తీసిన సాఫ్ట్‌వేరు కుర్రాడు హేమంత్, బిర్యానీతో నిలబడ్డ ముసలమ్మను చూసి కంగారుపడ్డాడు. "అయ్యో మామ్మగారూ, ఈ వయసులో మీకీ పనేంటండీ?"

"నా సంగతికేంలే. ఇంట్లో కాళ్లు బాగుండేవాళ్లు ఎవరైనా ఉండారా నాయనా?"

ఆ మరుసటి సాయంత్రం హేమంత్ నిక్కరుతోనే గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాడు. కమలమ్మ కొంచెం జరిగి, గొడుగు అతని మీదికి వంచింది.