మొద్దును వదిలి రావడానికి వెళ్ళిన కొండ ఊరు

నేను చెబుతున్నాను, మా అమ్మాయి సునీత టైపు చేస్తోంది. నాకు అక్షరం రాదు. అందుకే తన సొంత మాటలేమైనా కలిపిందేమోనని రెండుసార్లు చదివించుకుని విన్నాకే దీన్ని మీ ముందుకు పంపనిచ్చాను. కిందటి నెల ఇదే బ్లాగులో తను కొండ ఊరి ఫోటోలు పెట్టి, కుక్కతో రెండు రోజులు హాయిగా గడిచాయని రాసింది. హాయిగా ఏమీ గడవలేదు. జరిగింది జరిగినట్టు నేను చెబుతాను. కుక్కనీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి, ఖర్చు కూడా ఇందులోనే దొరుకుతాయి.

మేముండేది కెనడాలో, కిచెనర్‌లో. నా పేరు మరియమ్మ, డెబ్బై నాలుగేళ్ళు, పుట్టింది బాపట్ల దగ్గర. మా కుక్క పేరు మొద్దు. కాగితాల్లో ఇంకేదో పేరుంది గానీ ఆ పేరుకి వాడు పలకడు. నల్లగా, దూడంత ఉంటాడు. మనవరాలు తెచ్చుకుని, పెద్ద చదువుకి వేరే ఊరు వెళుతూ నాకు అప్పజెప్పింది. సునీత, అల్లుడు ప్రకాశ్ ఉద్యోగాలకి వెళ్ళిపోతే ఇంట్లో మేమిద్దరమే. నేను వాడికి పెరుగన్నం పెడతాను, వాడు నన్ను పొద్దున్నే వీధి చివరిదాకా తిప్పుకొస్తాడు.

ఫిబ్రవరిలో మంచు మీద పడి నా ఎడమ మణికట్టు విరిగింది. "మొద్దు లాగాడు, పడ్డాను" అని చెప్పాను. అది అబద్ధం. ఆ వేళకి మొద్దు సోఫా మీద నిద్రపోతున్నాడు. నేనే సాక్సుల మీద హవాయి చెప్పులు తొడుక్కుని, బండివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన చెత్తడబ్బాను లోపలికి లాక్కొద్దామని వెళ్ళాను. పదడుగులకి బూట్లెందుకు, ఆ తాళ్ళు వంగి ఎవరు కట్టుకుంటారు అనుకున్నాను. బొటనవేలి దగ్గర సాక్సును నొక్కి చెప్పులోకి దూర్చడం ఈ దేశంలో మన ఆడవాళ్ళందరికీ వచ్చిన విద్యే. చెప్పుల గురించి సునీత అంతకుముందే రెండుసార్లు కేకలేసింది. మూడోసారి దొరికితే గడప దాటనివ్వదు. అందుకని కుక్క మీదికి తోసేశాను.

ఆ అబద్ధం నా చెయ్యి దాటిపోయింది. మొద్దును బేస్‌మెంట్‌లో పడుకోబెట్టారు. "నీ ప్రాణం కంటే వాడు ఎక్కువ కాదమ్మా" అని ఎవరికైనా ఇచ్చేయాలని నిర్ణయించారు. లలిత గారని కర్నూలు వైపు డాక్టరమ్మ, తెలుగువాళ్ళం తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో పరిచయం. రిటైరయ్యాక కాలింగ్‌వుడ్ పక్కన కొండ కింద చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నారు. భర్త పోయారు, పెద్ద పెరడుంది, కుక్కను తీసుకుంటానన్నారు. శనివారం వాడితో సరదాగా గడిపి, ఆదివారం అప్పగించి రావాలని వీళ్ళ ఏర్పాటు. నేను నోరు విప్పితే ఆగిపోయేదే. విప్పలేదు.

మే నెలలో ఒక శనివారం ఎనిమిదింటికి బయలుదేరాం. గ్వెల్ఫ్, ఫెర్గస్ మీదుగా షెల్బర్న్, అక్కడి నుంచి నేరుగా ఉత్తరానికి. ఆగకుండా వెళితే రెండు గంటల చిల్లర. కుక్క ఉంటే ఇంకో అరగంట కలుపుకోండి, వాడికి నచ్చిన చెట్టు దొరకడానికి ఆమాత్రం పడుతుంది. షెల్బర్న్ దాటాక అప్పుడే దున్నిన బంగాళాదుంపల పొలాలు, వాటి మధ్య గాలిమరలు. వెనక సీట్లో మొద్దు తల నా ఒళ్ళో పెట్టి గుర్రు కొట్టాడు. నేను వాడి మొహం చూడలేక కిటికీలోంచి మరలు లెక్కపెట్టుకున్నాను.

"అత్తయ్య గారూ, అదిగో కొండ!" అన్నాడు ప్రకాశ్.

"ఎక్కడ బాబూ? ఆ గట్టు వెనకాలా?"

"ఆ గట్టేనండీ. ఒంటారియోలో దీన్నే మౌంటెన్ అంటారు, అడ్జస్ట్ అవ్వాలి."

"మా వైపయితే దీనికి పేరు కూడా పెట్టరు" అన్నాను. ఎక్కాక మాత్రం ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మోకాళ్ళు తీయించాయి.

బస చేసేచోట మూడింటిదాకా గది ఇవ్వరు కాబట్టి ముందు కొండెక్కడం మంచిది. దారి మొదట్లో బోర్డు మీద కుక్కబొమ్మ, దాని మెడకి తాడు. చదువు రాని నాకే అర్థమైంది, తాడు విప్పకూడదు. మొద్దు తాడు పట్టుకోబోయాను.

"అమ్మా, లీష్ నాకివ్వు. మళ్ళీ లాగాడంటే?" అంది సునీత.

"లాగడే!"

"నువ్వేగా లాగాడన్నావు!"

నా మాట నాకే అడ్డం వచ్చింది. గంటసేపు వాళ్ళ వెనకాల చేతులూపుకుంటూ నడిచాను. మొద్దు నాలుగడుగులకోసారి ఆగి నా కోసం వెనక్కి చూస్తున్నాడు. పైనుంచి కింద ఊరు, ఊరి అవతల నీలంగా అంతులేని నీళ్ళు. సరస్సన్నారు. సముద్రమన్నా నేను నమ్మేదాన్ని కాదు, అలల చప్పుడు లేదు. అక్కడ బల్ల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. గడ్డిలో ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులుంటాయి, దిగాక కుక్క చెవుల వెనక, మీ పిక్కలు తప్పకుండా చూసుకోండి.

గది రాత్రికి నూట తొంభై డాలర్లు, కుక్కకి ఇంకో ముప్పై అయిదు. ఇంటావిడ తెల్లజుట్టు మనిషి, నా ఈడుదే. ముందు కుక్క పేరడిగింది. నా పేరు అడగలేదు, నేనే చెప్పాను. నవ్వి, చెయ్యి కలిపి, సునీత చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకుంది. కుక్కను గదిలో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదని దాని సారాంశం. సునీత ఆ షరతు బుక్ చేసేటప్పుడు చూడలేదు. చూసినా తన దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"అమ్మా, నువ్వు మొద్దుతో రూంలో రెస్ట్ తీసుకో. మేం డిన్నర్ చేసి నీకు ప్యాక్ చేయించి తెస్తాం."

"నూరు మైళ్ళు నన్ను తీసుకొచ్చింది కుక్కకి కాపలా పెట్టడానికా? రెస్టు తీసుకునేదాన్నయితే కిచెనర్‌లో మంచం లేదా? వాడు ఎక్కడ తింటే నేనూ అక్కడే."

ఆ ఊళ్ళో చాలా హోటళ్ళు కుక్కల్ని లోపలికి రానివ్వవు గానీ ఆరుబయట బల్లల దగ్గర కూర్చోనిస్తాయి. ఆరింటికే చలి. శాలువా కప్పుకుని కూర్చున్నాను. వడ్డించే అమ్మాయి ముందు మొద్దుకి గిన్నెలో నీళ్ళు పెట్టి, తర్వాత మాకు మెనూ ఇచ్చింది. ఆ వరస నాకు నచ్చింది. ముగ్గురికీ తొంభై డాలర్లయింది. చేప బాగుంది, కారం లేదు, నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

ఆదివారం పదింటికి లలిత గారింటికి వెళ్ళాం, అయిదు నిమిషాల దారి. వరండాలో టీ ఇచ్చి, నా మణికట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. సునీత, ప్రకాశ్ కారులోంచి మొద్దు పరుపూ గిన్నెలూ దించుతున్నారు.

"ముందుకు పడినారా మరియమ్మ గారూ, వెనక్కి పడినారా?"

"వెనక్కే."

"నలభై ఏండ్లు ఎముకలే చూసినా నేను. కుక్క లాగితే బోర్లా పడతారు." గొంతు తగ్గించారు. "మనోళ్ళు ఈడ పడేది కుక్కల వల్ల కాదులెండి. ఆ దినం కాళ్ళకి ఏం తొడుక్కున్నారు?"

నేను టీ తాగాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. "ఏమైనా నాకు సంతోషమే. ఇంట్లో ఒక ప్రాణం తిరుగుతా ఉంటుంది" అని లేచి, మొద్దు మెడతాడు పట్టుకుని పెరట్లోకి నడిపించారు.

మొద్దు వెనక్కి చూడలేదు. తోకూపుకుంటూ వెళ్ళాడు, దొంగసచ్చినోడు! పెరట్లో ఉడత కనబడింది, ఇక నేనెవరు? వాడు ఏడ్చి గోల చేసుంటే బెంగ పెట్టుకుంటాడన్న వంకతో వెనక్కి తెచ్చుకునేదాన్ని, నా అబద్ధం పదిలంగా ఉండేది. కానీ చెయ్యని తప్పుకి తనను వెళ్ళగొడుతున్నారని వాడికి తెలియను కూడా తెలియదు. ఆదివారం పూట, ప్రార్థనకి వెళ్ళవలసిన పూట, నేను అబద్ధసాక్ష్యం చెప్పి టీ తాగుతున్నాను.

"సునీతా, ఆ పరుపు మళ్ళీ కారులో పెట్టు" అన్నాను. "వాడు నన్ను లాగలేదు. చెప్పులేసుకుని చెత్తడబ్బా కోసం వెళ్ళి జారిపడ్డాను."

"ఏ చెప్పులు? ఆ బ్లూ చెప్పులా?"

"ఆ చెప్పులే."

"మూడు నెలలమ్మా! మూడు నెలలు వాణ్ణి బేస్‌మెంట్‌లో పడుకోబెట్టాను! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను పడుకోబెట్టేదానివి!"

ప్రకాశే ముందు గిన్నెలు తీసుకెళ్ళి కారులో పెట్టాడు. "అత్తయ్య గారూ, వాడికి సారీ చెప్పాలి మీరు" అన్నాడు.

"పొద్దున్నే చెప్పాను. ఇక మీ వంతు."

లలిత గారు మొద్దును తీసుకొచ్చి తాడు నా చేతిలో పెట్టారు. ఆవిడ మొహం చిన్నబోయింది, నేను చూడనట్టు నటించను. "తాళ్ళు లేని బూట్లుంటాయి మరియమ్మ గారూ, అతుక్కునే పట్టీలవి. ఊరి మధ్యలో అంగడుంది, పోతా కొనుక్కోండి. నెలకోసారి వీణ్ణి తీసుకురండి, పై గది ఖాళీగానే ఉంది" అన్నారు. బూట్లు డెబ్బై డాలర్లు. అవి తొడుక్కుని మొద్దును కారుదాకా నేనే నడిపించాను. ఒంటిగంటకి బయలుదేరి నాలుగు కాకుండా ఇల్లు చేరాం. సునీత నీలం చెప్పుల్ని చెత్తడబ్బాలో వేసింది, నేను అడ్డుపడలేదు.

తప్పు నాదే, నలుగురిలో ఒప్పుకుంటున్నాను. కానీ పెద్దవాళ్ళు పడ్డారనగానే తలుపులు వేసేసే పిల్లలకి ఒక మాట. పడ్డందుకు కాదు మేం భయపడేది, పడ్డామని మీకు తెలిసినందుకు. సునీతా, ఇది కూడా రాయి. విరిగిన చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంది. పొద్దుటి నడక పోతే నాకు అతికించే డాక్టరు లేడు. ఇప్పుడు మొద్దూ నేనూ రోజూ వీధి చివరిదాకా కాదు, ఆ మలుపు తిరిగి పార్కుదాకా వెళుతున్నాం. తాడు నా చేతిలోనే ఉంటుంది.

వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే. కొండకైనా, చెత్తడబ్బా దాకా అయినా, బూట్లు తొడుక్కుని గుమ్మం దిగండి. తొడుక్కోకుండా పడితే పడ్డట్టే చెప్పండి, పక్కనున్న కుక్క మీద పెట్టకండి. అది కాదనలేదు.