బావగారు పీకేసిన ఎర్ర బల్బు

మొన్న పార్వతీపురం నుంచి మా అల్లుడి కారులో వస్తుంటే స్టీరింగు వెనకున్న తెరమీద పసుపు అక్షరాలు వెలిగాయి, బ్యాటరీ ఛార్జింగు ఒకసారి చూపించుకోమని. అల్లుడు దాన్ని పూర్తిగా చదివాడో లేదో, చటుక్కున ఒక బటను నొక్కి ఆ అక్షరాలను మాయం చేసి, ఏం లేదత్తయ్యా, ఊరికే అలా వస్తుంటుందంటూ పాటల శబ్దం పెంచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బండి ఆపించి, దాన్ని ఎవరికైనా చూపించేదాకా నీ కారెక్కనని చెప్పి, వెనకొచ్చే బస్సు పట్టుకుని ఇంటికొచ్చాను. వయసు మీదపడేకొద్దీ నీకు మొండితనం ఎక్కువవుతోందమ్మా అని మా అమ్మాయి ఫోను చేసి సణిగింది. మొండితనం నాకు వయసుతో రాలేదు, పుట్టుకతోనే వచ్చింది. కాకపోతే దాన్ని నలుగురిలో మొదటిసారి బయటపెట్టింది మాత్రం తొంభైల్లో, ఒక పాత డీజిల్ కారు కోసం.

అప్పుడు నేను గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో మా చర్చి సంఘం నడిపే చిన్న ఆసుపత్రిలో నర్సును. మా డాక్టరమ్మ పదవీ విరమణ చేసి వెళ్ళిపోతూ తన కారును సంఘానికి ఇచ్చి వెళ్ళింది, కష్టమైన కాన్పులను పార్వతీపురం పెద్దాసుపత్రికి చేర్చడానికి. అంతకుముందు మాకున్నది డోలీ ఒక్కటే. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని కొండ దిగడమంటే ఏమిటో మోసినవాళ్ళకూ మోయించుకున్నవాళ్ళకూ తెలుసు. నా చెల్లెలు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మను కాన్పుకు అలాగే దించారు. అదే డోలీలో మళ్ళీ పైకి తెచ్చారు, కానీ అప్పటికి ప్రాణం లేదు, చెల్లెలూ దక్కలేదు. అందుకే ఆ కారు తలుపు మూసినప్పుడల్లా వచ్చే డబ్బుమనే చప్పుడు నాకు గుడిగంటకంటే ఇష్టంగా ఉండేది.

కారు నడిపేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. సంఘ పెద్ద, మంచి మనిషి, చెయ్యి తిరిగిన డ్రైవరు, కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. మా ఏజెన్సీ బళ్ళకు ఒక అలవాటుంది, మీకూ గుర్తుండే ఉంటుంది. బండిని చదునుమీద ఎవరూ ఆపరు. ముక్కు పల్లానికి పెట్టి, చక్రం కింద రాయి పెట్టి ఆపుతారు. పొద్దున్నే ఆ రాయి తీసేస్తే బండి దానంతటదే దొర్లుతుంది, గేరులో వేసి క్లచ్చి వదిలితే గురుమని స్టార్టవుతుంది. డీజిల్ ఇంజను కదా, ఒకసారి లేచాక దానికి బ్యాటరీతో పనేముంది? అందువల్ల మా కొండల్లో బ్యాటరీ బతికుందో చచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు, తెలుసుకోవలసిన అవసరమూ వచ్చేది కాదు.

ఆ అవసరం ఒక ముసురు రోజున వచ్చింది. నెలలు నిండిన ఒక కొండ పిల్లను తీసుకుని దిగుతున్నాం, పొద్దు ఇంకా వాలలేదు కానీ మబ్బుకు దారంతా చీకటైపోయింది. లైట్లు మిణుగురుల్లా అయి ఆరిపోయాయి, అద్దం తుడిచే పుల్లలు సగంలో నిలబడిపోయాయి, దారి కనిపించక బావగారు క్లచ్చి నొక్కకుండానే బ్రేకు వేసేసరికి వాగు పక్కన చదునుమీద ఇంజనూ ఆగింది. కీ తిప్పితే టిక్కుమనడం తప్ప ఇంకేమీ లేదు. నెట్టడానికి మనుషుల్లేరు, వెనక సీట్లోనే కాన్పు చేశాను. ప్రభువు దయవల్ల తల్లీబిడ్డా దక్కారు.

ఆ తర్వాత కొత్త బ్యాటరీ వేశారు, అదీ మూన్నాళ్ళ ముచ్చటే అయింది. దాంతో సంఘ పెద్దలందరూ కూర్చుని, కుర్రాళ్ళు క్రిస్మస్ పాటల మైకుకు కరెంటు గుంజి బండిని పాడుచేశారు, ఇక అమ్మేద్దామని తేల్చేశారు. అమ్మేస్తే మరి కాన్పులకేం చేస్తారని అడిగాను. ఒక పెద్దాయన నా ముఖం చూడకుండానే, డోలీ ఉంది కదమ్మా అన్నాడు. నేను దిగ్గున లేచాను. మా ఆయన బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి, నా చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. కూర్చోలేదు.

బండి సంగతి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. కానీ రోగి వస్తే మొదట అడగవలసిన ప్రశ్న తెలుసు: ఎప్పటినుంచి? అదే ప్రశ్న ఇంటింటికీ వెళ్ళి అడిగాను. వానలనుంచి అన్నారు, మైకునుంచి అన్నారు, మా తోటికోడలు మాత్రం చేటలో రాగులు చెరుగుతూ తేలిగ్గా చెప్పేసింది.

"క్రిస్మస్ పాటలకెల్లొచ్చిన మర్నాడు మీ బావగారు ఆ ఎర్ర లైటు పీకీసినారు గదే, అప్పట్నుంచే."

డాష్‌బోర్డులో చిన్న ఎర్ర బల్బు ఒకటుండేది, కీ తిప్పగానే వెలిగి ఇంజను లేచాక ఆరిపోయేది. క్రిస్మస్‌కు ముందు కొన్నాళ్ళుగా బండి నడిచేటప్పుడు కూడా అది మిణుకుమిణుకుమంటోందట, ఎక్కినవాళ్ళు ఇంజను కాలిపోతోందేమోనని హడలిపోతున్నారట, అందుకని బావగారు దాన్ని ఊడబీకి పారేశారు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు విరగ్గొట్టినట్టు! మందులకు పార్వతీపురం వెళ్ళినప్పుడు అలాంటి బల్బే ఒకటి కొని తెచ్చాను. దాన్ని పెడితే బండి బాగవుతుందని నాకు నమ్మకమేమీ లేదు, దాని జబ్బేమిటో చూడకుండా అమ్మనివ్వకూడదన్న పంతం ఒక్కటే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి పాతసామాన్లు కొనేవాడు వచ్చి గుడి ముందు నిలబడ్డాడు. వాడికి బండి నడిపి చూపించాలని ముందురోజే బ్యాటరీని కొండ కింద ఛార్జి చేయించి తెచ్చారు. నేను వెళ్ళి డ్రైవరు తలుపుకు అడ్డంగా నిలబడి, బావగారి ఎదుట బల్బు పట్టుకుని, ఇది పెడితేగాని బండి కదలదన్నాను.

"ఏటమ్మా నీ గోల? సూదులేసుకోక నీకెందుకీ వైర్లు?"

"ఆ సూదులేసే మనిసికే ఈ బండి కావాలి బావగారూ. డోలీ మీరు మోత్తారేటి?"

గుడి బయట ఆడవాళ్ళందరూ నిలబడిపోయారు. తమ్ముడి భార్య ఎదురు చెప్పడం మా ఇళ్ళలో చిన్న విషయం కాదు, మా ఆయన అయితే చెప్పులు చూసుకుంటూ ఉండిపోయాడు. బావగారి మొహం కందిపోయింది. అయినా ఏమనుకున్నారో, నా చేతిలో బల్బు లాక్కుని, డాష్‌బోర్డు కింద వేలాడుతున్న హోల్డరులో బిగించి కీ తిప్పారు. ఎర్రగా వెలిగింది. ఇంజను లేపి యాక్సిలరేటరు తొక్కితే మసకబారిందే గాని పూర్తిగా ఆరలేదు. చూసినారా, ఇంకా ఏదో ఉందన్నాను. ఆయన విసురుగా దిగి బానెట్టు ఎత్తి, బ్యాటరీని ఛార్జి చేసే డైనమోను తిప్పే బెల్టుమీద వేలుపెట్టి నొక్కారు. అది ఎండిన తోరణంలా లోపలికి వేలాడింది. వెళ్ళి స్పానరు తెచ్చి తానే బిగించారు. ఈసారి ఇంజను లేవగానే ఎర్ర బల్బు ఆరింది, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ పగటిపూటే హెడ్‌లైట్లు తెల్లగా కాశాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, కొనేవాడు విసుక్కుంటూ పోయాడు, నేను మాత్రం అక్కడే కూలబడి ఏడ్చాను, అమ్మను తలుచుకుని.

తర్వాత మెకానికు విని నెత్తి కొట్టుకున్నాడు. మేం డైనమో అనేది నిజానికి ఆల్టర్నేటరట, అది కరెంటు పుట్టించాలంటే ముందు దానికి కాస్త కరెంటు తగలాలట, ఆ కాస్తా ఆ బల్బులోంచే వెళ్తుందట. బెల్టు వదులైందని మొదటినుంచీ చెబుతున్నదాన్ని పీకేసేసరికి, అరకొరగా వచ్చే ఛార్జింగు కూడా పోయింది.

ఆ కారు తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. అందులో కొండ దిగి బిడ్డలతో తిరిగి ఎక్కివచ్చినవాళ్ళకు లెక్కలేదు. అడుగు రేకు తుప్పుపట్టి రాలిపోయాకే దాన్ని అమ్మారు, అప్పుడు నేనే సరేనన్నాను. ఇప్పుడు తారు రోడ్డు వచ్చింది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, కాదనను. కానీ రోడ్డెక్కని ఊళ్ళు ఇంకా ఉన్నాయి, వాటి డోలీలు ఈమధ్య కూడా దిగాయి. ఏ మీటింగయినా సరే లేచి ఆ మాట చెబుతాను, కూర్చోమన్నా కూర్చోను. ఇప్పటి పెద్దలు చాలా మర్యాదస్తులు, అలాగే మామ్మా అని నవ్వుతారు, తలూపుతారు, టీ ఇప్పిస్తారు, ఏమీ చెయ్యరు. బావగారు పోయి చాలా కాలమైంది. ఉంటే నామీద గుడి అదిరేలా కేకలేసేవారు. వేసి, ఆ తర్వాత వెళ్ళి స్పానరు తెచ్చేవారు.