ఆటోనగర్ రికార్డింగులో లేని గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ దయ్యం కథ మొదలెడితే చాలు, "ఎవరు చూశారు? నువ్వు చూశావా?" అని అడ్డుపడేదాన్ని. "నీ నోటికో దణ్ణం తల్లీ" అని ఆవిడ కథ ఆపేసేది. జర్నలిజంలో చేరాక ఆ రోగం ఇంకా ముదిరింది.

కిందటేడు గవర్నర్‌పేటలో ఓ చిన్న వెబ్ ఛానల్లో ఇంటర్న్‌షిప్ దొరికింది. చాన్నాళ్లు వేరేవాళ్ల వార్తల్లో అక్షరదోషాలు దిద్దాను. ఓ పొద్దున మా సీనియర్ రవి గారు ఫోనూ కాలర్ మైకూ చేతిలో పెట్టి, "ఆటోనగర్ మెకానిక్‌ల మీద స్టోరీ చెయ్యమ్మా. బాగుంటే నీ పేరుతోనే వేద్దాం" అన్నారు. నా పేరుతో! సిటీ బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు, అంత సంబరం.

దానియేలు గారు లారీ మెకానిక్, భలే మాటకారి. మైకు ఆయన చొక్కాకు తగిలించి, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. లారీ కింద పడుకుని పని చేస్తూనే కబుర్లు చెబుతున్నారు. మొదటి స్టోరీకే ఇలాంటి షాట్ ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఓ ఆడగొంతు వినిపించింది. "అమ్మాయ్, ముందు ఆయన్ని బయటికి రమ్మను." గొంతులో తొందర ఉంది గానీ కోపం లేదు. వాళ్లావిడ టిఫిన్ తెచ్చి లారీ అవతల్నుంచి పిలుస్తోందనుకున్నాను. "సరే పిన్నీ" అని, "దానియేలు గారూ, ఒక్కసారి బయటికి రండి" అని కేకేశాను.

"మంచి ఊపులో ఉండగా ఏంటమ్మా" అని విసుక్కుంటూ వచ్చారు. చేతులు తుడుచుకుంటుండగానే జాకీ జారింది. లారీ ముందుభాగం దభీమని, ఆయన పడుకున్న చోటే కూలబడింది.

ఆయన నేలమీద చతికిలబడి "స్తోత్రం ప్రభువా" అని అదే మాట అంటూ ఉండిపోయారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకు పిలిచావమ్మా?" అన్నారు.

"పిన్నిగారే కదండీ పిలవమన్నారు."

షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం.

ఆఫీసుకొచ్చి రికార్డింగ్ విన్నాను, రవి గారూ విన్నారు. దానియేలు గారి కబుర్లున్నాయి, పక్క షెడ్డు సుత్తి దెబ్బలున్నాయి. దూరంగా నా "సరే పిన్నీ" కూడా ఉంది. దానికి ముందు ఏ గొంతూ లేదు. ఎవరిదో సిగ్నల్ కలిసిందేమో అన్నారాయన. అలాగైతే రికార్డ్ కావాలి కదా? విన్నది నేనొక్కదాన్నే కాబట్టి స్టోరీలో ఆ ముక్క రాయలేదు.

స్టోరీ వచ్చింది, నా పేరుతో! తెలిసిన వాళ్లందరికీ పంపి చంపుకుతిన్నాను. ఆ సాయంత్రం దానియేలు గారి అమ్మాయి రూతు ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతోంది. నాన్నను కాపాడినందుకు థాంక్స్ చెప్పి, "అక్కా, నాన్న అంతా చెప్పారు. ఆ గొంతు ఎలా ఉంది?" అంది.

రూతు చంటిపిల్లగా ఉన్నప్పుడే వాళ్లమ్మ పోయిందట. ఫొటోలున్నాయి గానీ ఆవిడ గొంతు మాత్రం ఎక్కడా లేదట.

ఆవిడేనని నేనెలా చెప్పను? "ఎవరిదో నాకు తెలీదు రూతూ" అన్నాను.

"తెలీకపోయినా పర్లేదక్కా, చెప్పు."

కొంచెం బొంగురుగా ఉందని, "బయటికి" అన్నప్పుడు కాస్త సాగదీసిందని చెప్పి, అలాగే అని వినిపించాను. అటువైపు పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

అది ఎవరి గొంతో, నాకే ఎందుకు వినిపించిందో ఈ రోజుకీ తెలీదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. రూతు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "అక్కా, ఒక్కసారి అలాగే అనవా" అంటుంది.