దోవకు అడ్డం రాని మృగం

మా తమ్ముడి కూతురు ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి చింతామణికి, మా ఇంటికి వచ్చి వారం దాటింది. ఊళ్లో తోడు పిల్లలు లేరు, ఉన్నవాళ్లూ ఇళ్లలోంచి బయటికి రారు, అందువల్ల పొద్దుగూకులూ ఆ పలకలాంటి టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకుని వాళ్ల నాన్న చేసిన ఆటే ఆడుతూ కూర్చుంటుంది. ఇట్లాంటి ఆటలు చేయడమే మా తమ్ముడి ఉద్యోగం. మన కాలంలో ఆటలు ఆడితే వీపు చిట్లేది, ఇప్పుడు వాటిని చేసేవాళ్లకు నెల నెలా జీతాలు. నిన్న మధ్యాహ్నం నేను ఏడాదికి సరిపడా చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే ఆ పిల్ల జరిగి జరిగి నా పక్కకు వచ్చి, పలక నా మొహం ముందు పెట్టి అడిగింది.

"అత్తా, ఇది నిద్రపోతాండాది. దీన్ని చంపకుండా పోయేదానికి అయితాదా?"

చేతులు కొంగుకు తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. కత్తి పట్టుకున్న ఒక అమ్మాయి, ఆ అమ్మాయికి అవతల ఒక రాతి కొండ, కొండలో గుహ, గుహలో పడుకుని ఒక మృగం. ముందు కాళ్లు ఎత్తు, వెనక కాళ్లు పొట్టి, వెన్ను పొడుగునా జూలు, ఒంటి మీద నల్ల చారలు. కథకు కావలసింది కొండకు ఆ పక్క ఉన్న మూలిక, దాన్ని తెచ్చి ఊళ్లో జ్వరాలు తగ్గించాలి, మృగానికీ మూలికకూ ఏ సంబంధమూ లేదు. నేను మాత్రం ఆ మృగాన్ని ముందే చూశాను. అది దుమ్ములగొండి. దాన్ని నాకు చూపించిందీ, ఈ ఆట చేసిందీ ఒక్కడే.

మన ఈడు వాళ్లకు టైపు ఇన్‌స్టిట్యూట్లు గుర్తుండే ఉంటాయి. చింతామణిలో బస్టాండుకు దగ్గరగా ఒక మేడ మీద మాకు ఒకటి ఉండేది, నేనూ మా ఆయనా కలిసి నడిపేవాళ్లం, కర్ణాటక కదా, కన్నడం ఒక గదిలో, ఇంగ్లీషు ఒక గదిలో, ఆ టకటకల మధ్య మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దదైపోయి ఇంట్లో కూడా కేకలేసినట్లే మాట్లాడతానని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది. తర్వాత కంప్యూటర్ల కాలం వచ్చింది. వాటిని పెట్టిన గదికి పరదాలు కట్టి, చెప్పులు బయట విడిచి రావాలని బోర్డు రాసి, ఆయుధ పూజకు వాటి నెత్తిన కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టినవాళ్లం మేము. బాగేపల్లి తాలూకా పాతపాళ్యంలో మా పుట్టింటి నుంచి మా తమ్ముడు డిగ్రీ చదవడానికి వచ్చి మా దగ్గరే ఉన్నది ఆ రోజుల్లోనే.

వాడు సాయంత్రం క్లాసులు అయిపోయాక ఎవరో స్నేహితుడు ఇచ్చిన ఒక ఆటను ఆ కంప్యూటర్‌లో ఆడేవాడు, వెనక స్టూళ్లు వేసుకుని నలుగురైదుగురు కుర్రాళ్లు చూసేవాళ్లు. రాక్షసులూ, మంత్రాలూ, కత్తులూ ఉన్న ఆట. ఒక్కో మృగాన్ని చంపితే నాయకుడికి కొంత అనుభవం కలిసొస్తుంది, అనుభవం పెరిగే కొద్దీ బలం పెరుగుతుంది, బలం పెరిగితే ఇంకా పెద్ద మృగాన్ని చంపవచ్చు. అందులో ఒకచోట దోవ పక్కన గుహలో ఒక ముసలి మృగం పడుకుని ఉంటుంది. అది లేవదు, అరవదు, మన దోవకు రాదు. కావాలంటే లోపలికి వెళ్లి చంపవచ్చు, వద్దంటే పక్కన నడిచి పోవచ్చు. చూసేవాళ్లంతా చంపమనేవాళ్లు. వీడు చంపేవాడు కాదు.

దాని మీద ఆ గదిలో జరిగిన వాదాలు ఏ కోర్టులోనూ జరిగి ఉండవు. ఈ రోజు పడుకున్నది రేపు లేచి ఊరి మీద పడుతుందని ఒకడు, చంపితే వచ్చే బలాన్ని కాలదన్నుకునేవాడు వెర్రివాడని ఒకడు, బొమ్మను చంపితే పాపమేమిటని ఇంకొకడు. మా ఆయనది జంగమకోట, పట్టుపురుగుల ఇల్లు. ఆయన కూడా తగులుకుని, మేము గూళ్లలో ఉన్న పురుగుల్ని లక్షలకు లక్షలు ఆవిరిలో పెడతాము, మీ అక్క కట్టుకున్న చీర ఎక్కడిదనుకున్నావని ఎత్తిపొడిచాడు. వాడు కోప్పడలేదు.

"అది కూటికి బావా. కూటికి చేసేది చేస్తాము, తప్పదు. ఇది ఊరికే కదా. బొమ్మకేమీ కాదు, నేనూ ఒప్పుకుంటా. నాకేమన్నా అయితాదేమో అని నా భయం."

కుర్రాళ్లు నవ్వారు, నేను కూడా నవ్వాను. పందొమ్మిదేళ్ల వాడి నోట పెద్ద ముత్తైదువ మాట విన్నట్లుంది అప్పుడు.

వాడి మనసులో ఉన్నది తెరమీది మృగం కాదని నాకు తెలుసు. మా పాతపాళ్యానికి అవతల ఉన్న రాతికొండలో, బండల సందున ఒక దుమ్ములగొండి ఉండేది. మేకల్ని తోలుకుపోయిన రోజుల్లోనే వాడు దాన్ని కనిపెట్టి, ఒక సాయంత్రం నన్ను కూడా పిలుచుకుపోయి, దూరంగా బండ మీద కూర్చోబెట్టి చూపించాడు. కుంటుకుంటూ వచ్చి, గాలి పీల్చి, మమ్మల్ని చూసి కూడా పట్టించుకోకుండా తన దారిన తాను దిగిపోయింది. ఊరి బయట పారేసిన గొడ్ల కళేబరాలే దానికి తిండి, ఎముకలు కూడా మిగల్చదు. ఎవరి మేకనూ అది ముట్టుకున్నట్లు మా నాయనకు కూడా జ్ఞాపకం లేదు. అయినా అదంటే అందరికీ అసహ్యం, దయ్యంలా నవ్వుతుందని, పిల్లల్ని ఎత్తుకుపోతుందని చెప్పి మాకు ముద్దలు తినిపించేవాళ్లు. నేనూ ఆ భయంతోనే సంగటి మింగి పెరిగినదాన్ని.

ఉగాది మరునాటిని మా వైపు వర్షతొడకు అంటారు. ఆ రోజు ఏమి చేస్తే ఏడాదంతా అదే జరుగుతుందని నమ్మకం. అందుకే ఆ రోజు ఎవరూ ఏడవరు, అప్పివ్వరు, పిల్లల్ని కొట్టరు, ఇంట్లో మాంసం ఉడకాలి. మా ఊళ్లో మగవాళ్లు ఆ తెల్లవారే కట్టెలు, వలలు, కుక్కలతో కొండకు వేటకు పోయేవాళ్లు. కుందేలో, కౌజుపిట్టో, ఏదో ఒకటి దొరకాలి. ఒట్టి చేతులతో ఊళ్లోకి వస్తే ఆ ఏడంతా చేతులు ఒట్టివే.

తమ్ముడు డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఉగాదికి మేమంతా పాతపాళ్యంలోనే ఉన్నాము. అల్లుడి మర్యాద తప్పకుండా మా ఆయన కూడా వేటకు వెళ్లాడు, అక్కడ జరిగింది నాకు ఆయన నోటి వెంటే తెలిసింది. ఆ పొద్దు కొండంతా తిరిగినా ఒక్క కుందేలు లేవలేదు. అంతకు ముందు ఏడాది వానలు లేక గడ్డి కూడా మొలవలేదు, కుందేళ్లు మాత్రం ఎక్కడ బతుకుతాయి? ఎండ నెత్తికెక్కింది, కుక్కలు నాలుకలు వేలాడేశాయి, ఊళ్లో ఆడవాళ్లు మసాలా నూరుకుని ఎదురుచూస్తుంటారన్న సంగతి అందరికీ గుర్తుకొచ్చింది. అప్పుడు ఎవరో దుమ్ములగొండి మాట ఎత్తారు. దాని మాంసం ఎవరూ తినరు, తోలుకు ఎవరూ ఆశపడరు. అయినా అది చేతికి దొరికేది.

మా తమ్ముడు పరుగెత్తి వెళ్లి ఆ బండల సందు ముందర రెండు చేతులూ చాచి నిలబడ్డాడట. ఇది మనకేమి చేసింది నాయనా, మన దోవకు అడ్డం వచ్చిందా అని బతిమాలాడట. మా నాయన కఠినుడు కాదు, ఇంట్లో పిల్లి ఈనితే గోనెపట్టా పరిచే మనిషి. కానీ ఆ రోజు వేటకు పెద్ద ఆయనే, ఊరి ఏడాది అంతా తన నెత్తిన ఉన్నట్లు అనిపించి ఉంటుంది.

"వర్షతొడకు పొద్దు ఉత్తచేతుల్తో ఊర్లోకి యాడన్నా పోతారాప్పా? పక్కకు రా."

వాణ్ని ఇద్దరు పట్టుకుని ఈడ్చారు, ఎండు కసువు తెచ్చి సందులో పొగ పెట్టారు. అది దగ్గుకుంటూ బయటికి వచ్చిందట, పరుగెత్తలేదట. మా ఆయన అంతవరకే చెప్పాడు, ఆ పైన నేను అడగలేదు.

సాయంత్రానికి దాన్ని వాసానికి కట్టుకుని, తప్పెట కొట్టుకుంటూ ఊళ్లోకి తెచ్చారు. ఆడవాళ్లు ఎర్రనీళ్లతో దిష్టి తీశారు. పిల్లలు దాని తోకను లాగారు. మా తమ్ముడు వచ్చి దాని దగ్గర కూర్చుని, రెండు చేతులతో దాని నోరు తెరిచి మా నాయనకు చూపించాడు. పళ్లన్నీ చిగుళ్లదాకా అరిగిపోయి ఉన్నాయి. సంగటి ముద్దను కూడా నమలలేని నోరు అది. మా నాయన ఒక్క చూపు చూసి, భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. దాన్ని ఊరి బయట పారేశారు. దాన్ని తినడానికి ఇంకో దుమ్ములగొండి లేదు కాబట్టి చాలా రోజులు కంపు కొట్టింది.

ఆ ఏడు కూడా వాన రాలేదు. వేరుశనగ పూతలోనే మాడింది. ఇంతపని చేశాక కూడా ఇలా అయిందే అని ఊరు సిగ్గుపడుతుందనుకున్నాను, నా పిచ్చిగానీ. కొండలో ఇంకోటి ఉండి ఉంటుంది, దాన్ని వదిలేసినందుకే ఇలా అయిందని రచ్చబండ మీద తేల్చారు.

మా తమ్ముడు చింతామణికి తిరిగొచ్చి మళ్లీ ఆ ఆట ముందు కూర్చున్నాడు. గుహ పక్కన నడిచిపోయాడు, అట్లాగే చంపనక్కరలేని ప్రతిదాన్నీ దాటుకుంటూ పోయాడు, చివరికి కోట వాకిట్లో, చంపి తీరవలసిన రాక్షసుడి ముందు బలం చాలక పడిపోయాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే పడ్డాడు. కుర్రాళ్లకు విసుగెత్తి రావడం మానేశారు. ఒక రోజు వాడు కంప్యూటర్ ఆపేసి, నేను ఎవరికో అర్జీ కాగితం టైపు చేస్తుంటే వచ్చి పక్కన నిలబడి, అక్కా, నేనొక ఆట చేస్తాను, దాంట్లో దాన్ని లేపకుండా దాని పక్కన నడిచి చివరిదాకా పోవచ్చు, అన్నాడు. టకటకల మధ్యన కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. ఎన్నో ఏళ్లు ఆ మాటను మూట కట్టుకుని దాచుకున్నాను. వాడు బెంగళూరు పోయి, ముందు బొమ్మలు గీసే పనిలో చేరి, తర్వాత ఆటలు చేసే పనిలో పైకి వచ్చాడని విన్నప్పుడల్లా, ఇక ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆట వస్తుందని ఎదురుచూశాను. మా నాయన పోయాడు, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది, నా ఎదురుచూపు మాత్రం మూతపడలేదు.

అందుకే నిన్న మేనకోడలి పక్కన కూర్చుని చింతపండు సంగతే మరిచిపోయాను. ఇద్దరం కలిసి కొండ చుట్టూ తిరిగాము. సంచిలో ఉన్న రొట్టె వేసి చూశాము. అది లేచి పోతుందేమోనని ఊరికే కాచుకుని చూశాము. కొండ అవతలి గేటు తెరుచుకోలేదు. చివరికి మా తమ్ముడికి ఫోన్ చేశాను. విషయం విని ముందు నవ్వాడు, నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు.

"మొదట్లో దోవ పెట్టే ఉంటినక్కా. ఆడి చూసినోళ్లు ఒక్కరన్నా ఆ దోవ పట్టలే. ఏమీ దొరక్కుండా ముందుకు పోతే ఆట సప్పగుండాదని ఆపేస్తారు. ఉత్తచేతుల్తో ఎవర్నీ పంపేదానికి లేదక్కా."

ఆ మాట ఎవరిదో వాడికి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. దాని పళ్లు అరిగినట్లే గీసినావా అని అడిగాను. అవతల ఎవరో వాణ్ని ఇంగ్లీషులో పిలిచారు, మళ్లీ చేస్తానక్కా అని పెట్టేశాడు. నాకేమన్నా అయితాదేమో అని నా భయం, అని వాడు అన్నరోజు నేను నవ్వి ఉండకూడదు.

పిల్ల నా మొహం చూసింది, పలక చూసింది, కాసేపు కాచుకుని, గుహలోకి పోయి చంపింది. మొదటి దెబ్బకు అది లేవను కూడా లేదు. వెంటనే తెరంతా వెలుగు, నాణేల వాన, గేటు తెరుచుకున్న చప్పుడు. చెడ్డ పిల్ల కాదు, అంతసేపూ చంపకుండా పోవాలని నాకంటే ఎక్కువ వెతికింది తనే. కానీ ఆ వెలుగు మొహం మీద పడగానే కళ్లు మెరిశాయి, నా వైపు తిరిగింది.

"ఇంకోటి ఉండాదా అత్తా?"

లేదమ్మా, అన్నాను. పాతపాళ్యం కొండను ఇప్పుడు క్వారీవాళ్లు తవ్వుతున్నారు, మధ్యాహ్నం పూట మందు పేలితే ఊళ్లో గోడలు అదురుతాయి, ఆ బండల సందు కంకరై లారీలెక్కి ఎప్పుడో పోయింది, ఆ పిల్లకు దుమ్ములగొండి అన్న మాటే తెలియదు. పోనీ, కొండలు పోవడం, మృగాలు పోవడం మన ఈడు వాళ్లకు కొత్తేమీ కాదు, వాటికి ఏడ్చి ఏడ్చి కళ్లు అలవాటుపడ్డాయి. కానీ ఆ రోజు ఊరంతా ఒకవైపు ఉంటే, చేతులు చాచి అడ్డం నిలబడినవాడు ఒకడుండేవాడు, వాడు నా తమ్ముడు, ఆ ఒక్క సంగతి మీదే నేను ఇన్నేళ్లు మనుషుల మీద నమ్మకం పెట్టుకుని బతికాను. ఇప్పుడు వాడు కూడా పొగపెట్టేవాళ్ల వైపుకు వచ్చేశాడు, ఎవరూ ఈడ్చకుండానే. పోనీ వాడి చోట నేనన్నా నిలబడదామంటే, ఆ పలకలోకి పోయేదానికి నాకు దోవ లేదు.