బావ కూసుంటే ఆగే మోటరు

"నూకు బావా! ఇంకా జర గట్టిగ నూకు!"

మొన్న మా పెద్దపల్లి గల్లీల గీ కేక విన్నోళ్లు ఎవలో హమాలీని పిలుస్తున్నరనుకున్నరట. కాదు! కేక నాది, మోటరు కారు నాది. నూకుతున్నదేమో మా మల్లయ్య బావ, నా ఇంటామెకు సొంత అన్న. తెల్ల ధోతి, జరీ రుమాలు. మర్యాదగ తీస్కరావాల్సిన చుట్టం! ఎట్ల తీస్కొచ్చిన్నో మీరే చూడుండ్రి.

పోయినేడు మేం కొత్తిల్లు సొచ్చిన నాడు బావ రైలు దిగితే ఎవ్వలం ఎదురు పోలే. ఆయన ఎండల నడిచొచ్చి, దర్వాజ కాడ పండ్ల బుట్ట వెట్టి, మంచినీళ్లన్న ముట్టకుంట మళ్లిపోయిండు. అప్పటిసంది మా ఇంట్ల మెతుకు ముట్టలే. బతిమాలంగ బతిమాలంగ దసరా అయినంక వస్తనన్నడు. మా ఇంటామె భూలచ్చి పొద్దుగాల్నే హుకుం ఇచ్చింది:

"మా అన్నను మోటర్ల కూసోవెట్టి తీస్కరావాలె. గీసారి గిన అలిగి మళ్లిండంటే, నీ బువ్వ నువ్వే వండుకో!"

గా మోటరేమో ఎండకాలం కొన్న పాతది. పండుగ దాంక మంచిగనే నడిచింది. అటెన్క బుద్ధి పుడితే స్టార్టయితది, లేకుంటే బటన్ ఎంత వత్తినా ఉలుకదు పలుకదు. నేను ఊకుంటనా? ప్లగ్గులు తీసి తుడిచిన. హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం వాసింది. పెట్రోలు పైపు నోటితోని ఊదబోయి గుంజిన, ఓ గుటుక కడుపులకే పోయింది! అయినా రోగం చిక్కలే.

స్టేషన్ల బావను ఎన్క సీట్ల కూసోవెట్టి బటన్ వత్తిన. చప్పుడు లేదు. "జర దిగు బావా, నూకాలె" అన్న. ఆయన దిగి చెయ్యి వెట్టిండో లేదో, వత్తంగనే బుర్రుమన్నది! ఆయన మళ్ల ఎక్కి కూసున్నడు. రైలుగేటు కాడ పెట్రోలు దండుగని బంద్ చేసిన. గేటు లేసింది గని మోటరు లేవలే. బావ దిగిండు. బుర్రు! మా గల్లీ మూలకు ఎడ్లబండి అడ్డమొచ్చి మళ్ల ఆగింది. నేను కేకేసిన, ఆయన నూకిండు. బుర్రు!

అప్పుడు నాకు సమజైంది. సంతోషం పట్టలేక గల్లీ అంత ఇనవడేటట్టు అన్న: "దొరికింది బావా, రోగం దొరికింది! నువ్వు కూసుంటేనే ఆగుతది, దిగితే నడుస్తది!"

బావ మొఖం మాడింది. "అంటే, నీ మోటరు గూడ నన్ను మీ ఇంటికి రానియ్యదా? గీ సంబురానికి పిలుసుడెందుకయ్యా?" రుమాలు దులుపుకొని, తెచ్చిన బుట్ట చంకల వెట్టుకొని స్టేషన్ దిక్కు మళ్లిండు.

గా లొల్లికి భూలచ్చి పిండి చేతులతోనే ఉరికొచ్చింది. "అన్నా, ఆగు!" అని బుట్ట గుంజుకున్నది. నా దిక్కు తిరిగి, "పండుగ నాడు గా ఎన్క సీటు లేపి ఏమో చేస్తివి గదా, అటెన్క చూసినవా?" అన్నది.

ఏడ చూసిన! సీటు లేపితే కింద బ్యాటరీ. వైరు తాకే కాడ పసుపు కుంకుమ మందంగ పేరుకొని, ఎండి చెక్క గట్టినయి. దసరా నాడు పూజ చేసింది నేనే. ముంగట బొట్టు వెడితే సాలదని, మోటరు పానం బ్యాటరీల ఉంటదని, వైరు ఊడదీసి మరీ మెత్తిన! బావ కూసుంటే సీటు దిగి వైరును కదిలిస్తున్నది, లేస్తే మళ్ల తాకుతున్నది.

బరబర గీకి వైరు బిగించిన. "బావా, నీ కాళ్లు మొక్కుత, ఒక్కపారి కూసో."

బావ బరువంత ఏసి కూసున్నడు. బటన్ వత్తిన. బుర్రు!

ఆయన పొట్ట ఊగేటట్టు నవ్విండు. "పూజ గట్టిగనే చేసినవయ్యా! దేవత నిద్రవోయింది!"

ఇంట్ల పీటలేసినం. బావ కూసోబోయి, "నేను కూసుంటే వడ్డన గిట్ల ఆగదు గద?" అని అడిగిండు. మా పిల్లలకు నవ్వుతోని పొలమారింది. "చెల్లే, గిన్నెలన్ని నడుమల వెట్టి నువ్వు గూడ కూసో" అని మొదటి ముద్ద నోట్లె వెట్టుకున్నడు. నాకు పానం తేలికైంది.

"ఏమైతేంది, రోగం పట్టుకున్నది నేనే గద!" అన్న.

"అంటించింది గూడ నువ్వే. తిను" అని, నా విస్తరిల అన్నం కుమ్మరించి, భూలచ్చి గూడ మా నడుమల కూసున్నది.