తెర మీది తువ్వాల

కోరుట్లలో మేము అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో ఒక ఇల్లాలు బీడీలు చుట్టేది. పుట్టిల్లు సిరిసిల్ల. ఆమె భర్త అక్కడే, మామగారి పక్కన సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మావైపు సాంచ అంటారు. పని తగ్గి సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాక అతను గల్ఫ్ వెళ్లాడు. కంపెనీ మూతపడిందనీ, జీతాలు లేవనీ ఒకసారి ఫోన్ చేశాడు. ఆ తర్వాత నలభై రోజులు ఏ కబురూ లేదు.

ఒక సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "సారూ, జల్ది రాండ్రి, టీవీల మా ఆయన" అంది. వెళ్లాను. మూతపడిన కంపెనీ కూలీలు ఏదో క్యాంపు గోడ నీడన నిలబడి ఉన్నారు. చివరన ఉన్న మనిషి తలకూ ముఖానికీ తువ్వాల చుట్టుకున్నాడు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ముఖమే కనబడటం లేదు కదమ్మా, ఎట్లా చెప్తున్నావు?"

"మొఖమెందుకు సారూ? తువ్వాల జూడుండ్రి. మా బాపు సాంచ మీద దిగింది. నేనే మడతవెట్టి ఇచ్చిన."

"దాని రంగేమిటి?"

"ఎర్రయి, పచ్చయి, సన్న పట్టీలు."

తెర మీద ఉన్నది బురద రంగు తువ్వాల. ఒక్క పట్టీ లేదు. గంట తర్వాత అదే దృశ్యం మళ్లీ వచ్చింది. మూరెడు దూరంలో నిలబడి చూశాను. అదే బురద. అతను కాదని చెప్పేశాను.

ఆమె వాదించలేదు. "మీరు సదువుకున్నోళ్లు" అని మాత్రం అంది. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఎవరేమన్నా రుజువు అడిగే అలవాటు వీధిలో అందరికీ తెలుసు.

నా మాట మీద ఆ ఇంట్లో ఒక నిర్ణయం ఆధారపడి ఉంది. గల్ఫ్‌లో జాడ తెలియని వారి కోసం జగిత్యాలలో దరఖాస్తులు తీసుకుంటున్నారు. మర్నాడు సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. మనిషి ఏ క్యాంపులో ఉన్నాడో కచ్చితంగా రాయాలి. వెతికేవాళ్లు ఆ ఒక్క చోటికే వెళ్తారు. ఆఖరి ఫోన్ వచ్చిన పాత క్యాంపు ఒక ఊళ్లో, టీవీలో చూపించింది మరో ఊళ్లో. పాత క్యాంపు పేరే రాయమని చెప్పి వచ్చాను.

మర్నాడు పొద్దున తరగతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి, ఆకుపచ్చ కాగితం చుట్టిన టార్చి గోడ మీద వేసి చూపిస్తున్నాను. రెండు వెలుగులూ కలిసిన చోట పసుపు పడింది. ప్రతి ఏడూ చెప్పే పాఠమే. చేతిలో టార్చి అలాగే ఉండిపోయింది. టీవీ బొమ్మను కూర్చే చుక్కల కంటే సన్నని పట్టీలైతే అవి తెర మీద విడివిడిగా నిలవవు, కలిసిపోతాయి. ఎరుపూ పచ్చా కలిసి, వెలుగు తగ్గితే మిగిలేది మట్టి రంగే. నేను చూసింది మామూలు కేబుల్ ప్రసారం. పట్టీలు కనబడలేదంటే పట్టీలు లేవని అర్థం కాదు. ఇంత చిన్న సంగతి ముందురోజు నాకు తట్టలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమెతో జగిత్యాల బస్సెక్కాను. సిరిసిల్లలో ఉన్న ఆమె తండ్రికి ముందే ఫోన్ చేసి, అలాంటి తువ్వాల ఇంకొకటి ఉంటే తెమ్మన్నాము. పెద్దాయన వేములవాడ మీదుగా వచ్చి బస్టాండులో కలిశాడు. ముగ్గురం, సన్నని వివరం కూడా నిలిచే హెచ్‌డీ టీవీలమ్మే దుకాణానికి వెళ్లేసరికి రెండు దాటింది.

"కొననీకా, చూడనీకా సార్?" అన్నాడు దుకాణదారు.

"చూడటానికే."

"పొద్దుగాల సంది గదే బేరం. కూసోండ్రి."

గోడకు ఆరు టీవీలు, ఆరింటిలోనూ ఒకే చానెల్. వార్తలు చదివే అమ్మాయి చీర ఒకదానిలో నారింజ, ఒకదానిలో కుంకుమ, ఇంకొకదానిలో వంకాయ రంగు.

"గీ పిల్ల ఒక్కపారే ఆరు చీరలు గట్టింది" అన్నాడు పెద్దాయన.

"కంపెనీకో కలర్ కాకా. ఏది అమ్ముడువోతే గదే అసలు రంగు."

మూడింటి వార్తల్లో క్యాంపు వచ్చింది. మూలన హెచ్‌డీ అని రాసి ఉంది, తువ్వాల మాత్రం నిన్నటి బురదే. తక్కువ నాణ్యతతో అందిన దృశ్యాన్ని పెద్దది చేసి వేస్తే అందులో లేని వివరం ఎక్కడి నుంచీ రాదు. వేరే చానెల్ పెట్టమన్నాను. దుకాణదారు గడియారం వైపు చూసి, రిమోట్ నా చేతికిచ్చాడు. మూడున్నరకు ఆ చానెల్ సొంత కెమెరాతో తీసిన దృశ్యం వచ్చింది. అదే గోడ, అదే మనిషి. తువ్వాల మీద పట్టీలు!

"ఆపుండ్రి, ఆపుండ్రి!" పెద్దాయన లేచాడు.

"ఆపితే ఆగదు కాకా. గది మన చేతుల లేదు."

మళ్లీ వేసేదాకా కూర్చున్నాము. ఆమె చెంగు కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ప్రసారంలో వెలుగు వివరాన్ని నిండుగా, రంగు వివరాన్ని కుదించి పంపుతారు. అందుకే ఆ పట్టీలు ఎర్రగానూ లేవు, పచ్చగానూ లేవు. ఒక టీవీలో బూడిద, ఒకదానిలో నీలం. ఇక్కడ రంగుతో ఏదీ తేలదు. ఆ మాట అన్నాను.

"రంగుతోని నాకేం పని సారూ, వెడల్పు సూస్త" అన్నాడు ఆయన.

నాలుగింటికి దృశ్యం రాగానే తెర కిందికి తన తువ్వాల చాపి పట్టాడు. "అంచుకెళ్లి నాలుగో పట్టీ. రెండింతలున్నది, జూడుండ్రి. గిది మా బీము తప్పే." పడుగు పోగులు చుట్టి సాంచకెక్కించే పెద్ద రోలును బీము అంటారు. దానికి పోగులు చుట్టేటప్పుడే వరస తప్పి ఒక పట్టీలో ఎక్కువ పడ్డాయట. ఆ బీము అయిపోయేదాకా దిగిన ప్రతి తువ్వాలలోనూ అదే చోట అదే తప్పు వస్తుంది. నేనూ రెంటినీ పోల్చి చూశాను. సరిపోయింది.

ఆమె అప్పటికే చెప్పులేసుకుంది. "నడువుండ్రి, గా క్యాంపే రాద్దాం."

నాకు ఇంకొక ప్రశ్న మిగిలింది. "ఆ తప్పు తువ్వాలలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?"

పెద్దాయన తువ్వాల మడిచాడు. మడిచింది విప్పి మళ్లీ మడిచాడు. "తప్పున్నదని సేటు వద్దన్నడు. ముగ్గురం పంచుకున్నం. నేను, అల్లుడు, పక్క సాంచాయన."

"ఆయన ఎక్కడున్నాడు?"

"అల్లునితోనే వోయిండు."

ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. "గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా బాపూ?"

"నీ మొఖం జూస్తే నోరు రాలేదు బిడ్డా."

దరఖాస్తులు తీసుకునే చోట బెంచీ మీద కూర్చుని ఆమె తరఫున 'నా భర్త ఈ క్యాంపులో ఉన్నాడు' అని మొదలుపెట్టి ఆగిపోయాను. అది మాకు తెలియదు. లేడని నిన్న చెప్పాను, ఉన్నాడని ఇవాళ రాస్తున్నాను. అయిదుకు పావుగంట ఉంది. క్యాంపు రిజిస్టరులో అతని పేరు లేకపోతే వెతుకులాట అక్కడితో ముగుస్తుంది.

"సారూ, మనకు ఎరుకున్నంతే రాయుండ్రి" అంది ఆమె. "గా తువ్వాల గట్టుకున్న మనిషిని అడుగుమనుండ్రి. మా ఆయనైతే మంచిదే. గాకుంటే మా ఆయన జాడ గాయనకు ఎరుకుంటది."

అలాగే రాశాను. తువ్వాల గుర్తు, అందులోని తప్పు, దాన్ని కట్టుకోగల ఇద్దరి పేర్లు. గుమాస్తా చదివి తలెత్తాడు. "ఇదేందమ్మా, తువ్వాల తప్పిపోయిందని దరఖాస్తా?" వరసలో ఎవరో నవ్వారు.

"తువ్వాల దొరికింది సారూ. మనిషే దొరకాలె" అంది. అతను ముద్ర వేశాడు.

పదకొండు రోజులకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది పక్క సాంచాయన. "వదినే, టీవీల అచ్చింది నేను. అన్న గీడ లేడు. కల్లివల్లి అయిండు." కంపెనీని విడిచి, కాగితాలు లేకుండా దాక్కుని బతకడాన్ని అక్కడ అలా అంటారు. "ఫోను అమ్ముకున్నడు. ఒక హోటల్ల గిన్నెలు గడుగుతుండు. హోటలు నంబరు జెప్త, రాసుకో."

ఆ నంబరు నేనే కలిపి ఇచ్చాను. చాలాసేపు మోగింది. అవతల మగగొంతు, "ఎవలు?" అంది.

"నువ్వెవలో ముందుగాల జెప్పు" అంది ఆమె.

"ఏందే, నేనే!"

"నేనే అంటే నమ్మ. నువ్వు వోయిన్నాడు సద్ది ఏం గట్టిన?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. "సద్ది యాడ గట్టినవే? కొట్లాడి ముసుగువెట్టి పన్నవ్. బస్టాండ్ల ఇడ్లీ తిన్న."

ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది. "గిన్ని దినాలు ఏడ సచ్చినవ్?" అని తిట్టడం మొదలుపెట్టింది.