మా నాయన చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు మా పేటలో సగం ఇళ్లవాళ్లు చర్చికి పోయేవాళ్లు, సగం ఇళ్లవాళ్లు పెద్దమ్మ గుడికి. కులం మాత్రం అందరిదీ ఒకటే. ఊరివాళ్లకు ఆ తేడా పట్టేది కాదు. మా ఇంటి గ్లాసు ముట్టుకోకపోవడానికి మేం ఏ దేవుడికి మొక్కుతున్నామో వాళ్లెప్పుడూ అడగలేదు. ఆ తేడా పట్టించుకున్నది ప్రభుత్వం ఒక్కటే. ఆ సంగతి నాకు పదో తరగతి పాసయ్యాక తెలిసింది.

మాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. మా నాయన కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా పనికి పోయేవాడు కాదు. పొద్దున్నే చర్చికి పోయి, ఊడ్చి, చాపలు పరిచేవాడు. చదువు రాదుగానీ పాటలన్నీ నోటికి వచ్చు. మనిషి మహా మొండి. సంతలో పొరపాటున తూకం ఎక్కువ పడితే అంత దూరమూ వెనక్కి నడిచి తిరిగి ఇచ్చి వచ్చే రకం. అమ్మ అందుకే ఆయన్ను తిట్టిపోసేది.

బడిలో నేనే మొదటిదాన్ని. మా హెడ్మాస్టరు తానే అప్లికేషన్ తెప్పించి, నింపి, నంద్యాల కాలేజీకి పంపాడు. సీటు వచ్చింది. అయితే చదివించే స్తోమత మాకు లేదు. ఎస్సీ హాస్టల్లో చేరితే తిండి, పడక, ఫీజు, పుస్తకాలు అన్నీ గవర్నమెంటువే. దానికి ఆళ్లగడ్డ రెవెన్యూ ఆఫీసు నుంచి కులం సర్టిఫికెట్ కావాలి. పది రోజుల్లో అది అందకపోతే సీటు పోతుంది, నేను అమ్మ వెంట పత్తి చేలకు పోవాలి. హెడ్మాస్టరు నాయనను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. చర్చికి పోయేవాళ్లని తెలిస్తే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు, వేరే జాబితాలో వేస్తారు, ఇక హాస్టలూ ఉండదు, చదువూ ఉండదు. బడి రిజిస్టరులో 'హిందూ' అని ఆయన ఎప్పుడో ముందుచూపుతో రాసిపెట్టాడు. విచారణకు వచ్చే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ముందు మేం నోరు జారకపోతే చాలు.

ఇన్‌స్పెక్టరు వస్తాడని తలారి చెప్పిపోయిన రోజు నుంచి నాయన సరిగా అన్నం తినలేదు. అంతా నడిపించింది మా పక్కింటి అక్క. వాళ్లది గుడికి పోయే ఇల్లు. పొద్దున్నే తన ఇంట్లోని వెంకటేశ్వరస్వామి పటం చంకలో పెట్టుకుని వచ్చింది. మా గోడ మీది ప్రభువు పటం తీసి పాత చీరలో చుట్టి వాళ్లింట్లో దాచింది. నాకూ అమ్మకూ బొట్లు పెట్టింది. మా స్వామి ఏమీ అనుకోడులే, మీ ప్రభువునే మీరు సముదాయించుకోవాల అని ఎగతాళి చేసింది. నేను పకపకా నవ్వాను. నాకదంతా బడిలో నాటకం వేసినట్టు సరదాగా ఉంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇన్‌స్పెక్టరు ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చాడు. లోపలికి రాలేదు. పంచలో బెంచీ వేస్తే కూర్చుని అక్కడి నుంచే ఇంట్లోకి చూశాడు. స్వామి పటం కనబడగానే అలవాటుగా చెంపలు తాకి దండం పెట్టుకున్నాడు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయి ఉంది. అమ్మ కడిగిన చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. దాహం లేదన్నాడు. ఆయన దండం పెట్టుకున్న దేవుడే మా గోడ మీద ఉన్నాడు, అయినా మా నీళ్లు ఆయనకు పనికిరాలేదు. మేం ఎస్సీలమని రుజువు కావాలంటే ఆ చెంబు చాలదా? దాన్ని ఆయన కాగితం మీద రాసుకోలేదు.

అడగాల్సినవి అడిగి, రాసుకుని, లేచాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు అమ్మ చేతులు జోడించి, ఎప్పుడూ అనే మాటే అనేసింది.

"వందనాలు సార్."

మా వైపు ఆ పలకరింపు చర్చివాళ్లదే. గుడికి పోయేవాళ్లు దండాలు అంటారు, నమస్కారం అంటారు, వందనాలు అనరు. నుదుట అంత బొట్టు పెట్టుకుని మా అమ్మ వందనాలు చెప్పింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు మళ్లీ కూర్చున్నాడు. ఈసారి పెద్దవాళ్లను వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, ఆదివారం యాడికి పోతారు మీరు?"

నేను అబద్ధం చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. అక్క నేర్పించింది కూడా. నోరు తెరిచేలోగా నాయన నాకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"దాన్ని అడగొద్దు సార్, పసిది. నన్నడుగు. మేం ఏ చర్చికీ పోము. ఆ దేవునితో మాకేం పనిల్యా."

నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది. ఇన్‌స్పెక్టరు ఆయన ముఖంలోకి చూసి, ఏమనుకున్నాడో, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. గడువు లోపలే సర్టిఫికెట్ వచ్చింది.

నేను నంద్యాలకు బయలుదేరేలోపు ఆ నెల మొదటి ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల. చేసిన తప్పు విడిచిపెట్టకుండా ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదంటారు. రొట్టె ముక్కలున్న పళ్లెం వరసలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. నాయన ఎప్పటిలా ఊడ్చి చాపలు పరిచి వెనక చాప మీద కూర్చున్నాడు. పళ్లెం తన దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కాయనకు అందించాడు. ద్రాక్షరసమూ అంతే.

ఆరాధన అయ్యాక పాస్టరయ్య ఆయన్ను ఆపాడు. పేటలో ఇట్లాంటి విచారణలు ఎన్నో ఇళ్లలో జరిగాయి. అందరూ ఆ మాటే చెప్పి, మరుసటి నెలలో బల్ల తీసుకుంటూనే ఉన్నారు. తన పిల్లల కాగితాల్లోనూ హిందూ అనే ఉందని పాస్టరయ్య మెల్లగా చెప్పాడు. తప్పయిందని ఒక్కమాట అను, ప్రార్థన చేస్తాను, తీసుకో అన్నాడు. పక్కనే ఉన్న నేను నాయన జవాబు విన్నాను.

"తప్పే అయ్యా. కానీ మళ్లా అడిగినా అదే చెప్తా. అట్ల మనసులో పెట్టుకోని బల్ల ఎట్ల తీసుకునేది?"

ఇంటర్, డిగ్రీ, బీఈడీ పూర్తయి టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఇంటికి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను. నా చదువైపోయింది కదా, ఇప్పుడైనా తీసుకో నాయనా అన్నాను. చదువైపోతే చెప్పింది చెప్పనట్టయితాదా అన్నాడు. బతికినంత కాలం చాపలు పరిచాడు, ఒక్కసారీ పళ్లెం ముట్టలేదు. చివరి రోజుల్లో పాస్టరయ్య మంచం దగ్గరికే రొట్టె తెస్తే తల అడ్డంగా ఊపాడు. ఆ మొండితనం మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. ఆయన్ను ఆ మాట అనేలా చేసిన నియమం మీద అంతకు పదింతలు కోపం. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

ఇప్పుడు రిటైరై నంద్యాలలోనే ఉంటున్నాను. పది పాసైన ఎస్సీ పిల్లలు కాలేజీ అప్లికేషన్లు నింపించుకోవడానికి తల్లిదండ్రులతో మా ఇంటికి వస్తారు. అన్ని గళ్లూ వాళ్లను అడిగే నింపుతాను. మతం అన్న గడి మాత్రం అడగను. హిందూ అని నేనే నింపేసి కింది గడికి పోతాను. అబద్ధమైతే అది నా లెక్కలో పడుతుంది. బిడ్డ ఎదురుగా తన దేవుణ్ణి కాదన్న తండ్రిని ఒకసారి చూశాను, ఇంకొకరిని చూడలేను.